ఉగ్రవాద హెచ్చరిక ఉన్న దేశానికి వెళ్లాలా, మానుకోవాలా?

నిదానం:
వచ్చే నెల అమ్మ, చెల్లెలు, నేను పది రోజుల విదేశీ యాత్రకు టికెట్లు కొన్నాం. మొన్న ఆ దేశం ఉగ్రవాద ముప్పు స్థాయిని పెంచింది. చెల్లెలు వద్దే వద్దంటోంది. అమ్మ మాత్రం "డబ్బు కట్టేశాం కదా, భయపడితే ఎలా" అంటోంది. ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాను. ఇలాంటప్పుడు వెళ్లడం ధైర్యమా, మొండితనమా?

ముక్కుసూటి:
వెళ్లండి. 2015 నవంబరు 23న అమెరికా విదేశాంగ శాఖ తమ పౌరులకు ప్రపంచం మొత్తానికి కలిపి ఒకే హెచ్చరిక ఇచ్చింది. గడువు 2016 ఫిబ్రవరి 24 దాకా. భూగోళమంతా ప్రమాదమైతే ఇక కాలు పెట్టేది ఎక్కడ? ఇంకొకటి: 2001 సెప్టెంబరు దాడుల తర్వాత అమెరికాలో చాలామంది విమానాలు మానేసి కార్లెక్కారు. ఆ తర్వాతి ఏడాదిలో దానివల్ల రోడ్ల మీద అదనంగా సుమారు 1,500 మంది చనిపోయారని మనస్తత్వ శాస్త్రవేత్త గెర్డ్ గిగరెంజర్ అంచనా వేశారు. భయం కూడా మనుషులను చంపుతుంది.

పాతకాపు:
ఆ లెక్క విమానానికీ కారుకూ మధ్య పోలిక. ఇక్కడి ప్రశ్న అది కాదు. ప్రయాణం మానేసి ఇంట్లో కూర్చున్న మనిషి కారెక్కి చావడు కదా!
ట్యునీషియా సంగతి చూడండి. 2015 మార్చి 18న ట్యునిస్‌లోని బార్డో మ్యూజియంలో పర్యాటకుల మీద దాడి జరిగింది. మూడు నెలలు తిరగగానే, జూన్ 26న, సూస్ సముద్రతీరంలో 38 మందిని కాల్చి చంపారు. వాళ్లలో 30 మంది బ్రిటన్ వాళ్లు. ఆ మూడు నెలల మధ్యలో టికెట్ రద్దు చేసుకున్నవాళ్లను పిరికివాళ్లని అనగలరా?

ముక్కుసూటి:
అనలేను. కానీ 2019 ఏప్రిల్ 21న కొలంబో హోటళ్లలో, చర్చిల్లో బాంబులు పేలినప్పుడు ప్రయాణికులకు ముందుగా ఎవరూ ఏమీ చెప్పలేదు. నిఘా సమాచారం అధికారుల దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. హెచ్చరిక లేదు కాబట్టి క్షేమమనుకోవడమూ భ్రమే.

రాత్రిబండి:
పని మీద వెళ్లి 2015 నవంబరులో నేను బ్రసెల్స్‌లో ఇరుక్కుపోయాను. 21వ తేదీన ముప్పును నాలుగో స్థాయికి, అంటే అన్నిటికన్నా పైదానికి, పెంచారు. మెట్రో మూతపడింది. వీధుల్లో సైనికులు. ఆ వారం బడులు కూడా రెండు రోజులు తెరవలేదు. మొదటి రాత్రి మూడింటి దాకా ఫోను చూస్తూనే ఉన్నాను. తెలిసింది శూన్యం. సైరన్ వినిపించిన ప్రతిసారీ కిటికీ దగ్గరికి పరుగెత్తడం, అంతే.
మర్నాడు ఉదయం ఒక పని చేశాను. హోటల్ వెనక మెట్లు దిగి చివరి దాకా వెళ్లి చూశాను. వంటగది పక్కన బరువైన ఇనుప తలుపు, అవతల చెత్త డబ్బాలున్న సందు, సందు చివర పెద్ద వీధి. తలుపు లోపలి నుంచి తోస్తే తెరుచుకుంటుందో లేదో కూడా తోసి చూశాను. ఆ తర్వాత వార్తలు రోజుకు రెండుసార్లే, ఉదయం ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి. నిద్ర పట్టింది. భయం పోయిందని చెప్పను, దానికి చేయడానికి ఒక పని దొరికింది.
ఆ ఆదివారం రాత్రి తమ గాలింపు వివరాలు బయటపెట్టవద్దని పోలీసులు కోరితే, ఊరి జనం ఇంటర్నెట్ నిండా పిల్లుల బొమ్మలు నింపేశారు! అంత బిగుసుకున్న రాత్రిలో నేను నవ్వింది అప్పుడే.
నాలుగో స్థాయి ఉన్నన్నాళ్లూ అక్కడ ఏ దాడీ జరగలేదు. మూడో స్థాయికి దించాక, 2016 మార్చి 22న, విమానాశ్రయంలోనూ మెట్రోలోనూ జరిగిన పేలుళ్లలో 32 మంది పోయారు. ముప్పు స్థాయి అంకెను చూసి టికెట్ కొనడం, రద్దు చేయడం రెండూ నాకు వింతగానే తోస్తాయి.

పాతకాపు:
బాగుంది, కానీ మీరు ఒంటరిగా ఉన్నారు. మెట్లు దిగి చూడగలిగారు. నిదానం గారితో పెద్దావిడ వస్తున్నారు. దాడి జరగకపోయినా బస్సులూ రైళ్లూ ఆగిపోతే ఆవిడ ఎంత దూరం నడుస్తారు? మందులు అయిపోతే? విమానం రద్దయితే? ఎక్కువమంది ఇబ్బంది పడేది బాంబుతో కాదు, ఇలా చిక్కుకుపోవడంతో. నేను వద్దన్నది అందుకు.

రాత్రిబండి:
ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. నేను అలా ఆలోచించనే లేదు.

లెక్కల పుస్తకం:
బీమాలో కొన్నాళ్లు పనిచేశాను. అందరూ 'హెచ్చరిక' అని ఒకే మాట వాడుతున్నారు, అక్కడే తేడా వస్తోంది. ముప్పు స్థాయి పెరగడం వేరు, మీ ప్రభుత్వం ఫలానా చోటికి వెళ్లవద్దనడం వేరు. అమెరికా తన పౌరులకిచ్చే ప్రయాణ సూచనల్లో 2018 జనవరి నుంచి వాడుతున్న నాలుగు మెట్లలో రెండోది 'మరింత జాగ్రత్త' మాత్రమే. 'వెళ్లవద్దు' అనేది నాలుగోది. మీ ప్రభుత్వం వద్దన్న చోటికి వెళితే చాలా పాలసీలు చెల్లవు. హెచ్చరిక వచ్చాక కొన్న పాలసీ అయితే ఆ ముప్పును ముందే తెలిసిన విషయంగా లెక్కగట్టి పరిహారం నిరాకరించే అవకాశం ఎక్కువ. ఉగ్రవాదం గురించి పాలసీలో ఏమని రాశారో చదవండి. చిన్న అక్షరాలే, కానీ చదవండి.

చివరి బెంచీ:
నిజంగానే కాల్పులు మొదలైతే ఏం చేయాలో ఒక్కరూ చెప్పలేదు. బ్రిటన్ పోలీసులు జనానికి నేర్పేది మూడే మాటలు: పరుగెత్తండి, దాక్కోండి, చెప్పండి. వరస అదే. సామాన్లు వదిలేయాలి. దాక్కున్నప్పుడు ఫోను శబ్దమే కాదు, ఆ గుర్రుమనే కంపనం కూడా ఆపేయాలి. నిలబడి వీడియో తీసేవాళ్లకు మాత్రం ఏ పోలీసూ ఏమీ నేర్పలేడు. ఇంకో చిట్కా: అలాంటప్పుడు అందరూ ఒకేసారి ఫోన్లు చేయడంతో కాల్స్ కలవవు. ఇంటికి చిన్న సందేశం పంపండి, అది వెళ్లే అవకాశం ఎక్కువ.

నిదానం:
అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి ఆ దేశం గురించి మన ప్రభుత్వం ఇచ్చిన ప్రయాణ సూచనను మొదటిసారి చివరి దాకా చదివాను. వెళ్లవద్దన్నది సరిహద్దు పక్కనున్న రెండు జిల్లాలకే. రాజధానికి 'జాగ్రత్తగా ఉండండి' అని మాత్రమే ఉంది. సరిహద్దు వైపు అనుకున్న మూడు రోజులూ తీసేశాం. అమ్మ మందులు రెండింతలు కొని, చేతి సంచిలోనే పెట్టుకోమన్నాను. పాలసీ తీసుకున్నది హెచ్చరికకు ముందే, తేదీ చూసుకున్నాను.
చెల్లెలు మాత్రం మెత్తబడలేదు. పాతకాపు గారి మాటలు చూపిస్తే "చూశావా" అంది. ఇక బలవంతపెట్టను. తన ఒక్క టికెట్ రద్దు చేస్తే ఎంత తిరిగి వస్తుందో రేపు ఉదయం కనుక్కోవాలి.