క్లోన్ చేసిన రెయిడ్ సర్వర్ బూట్ కావడం లేదు, దయచేసి సాయం చేయండి

ప్రశ్న:
మా కార్యాలయపు సర్వర్‌ను కొత్త డిస్కుల మీదికి క్లోన్ చేశాను, అంటే ఉన్నదున్నట్టు నకలు తీశాను. పలు డిస్కులను కలిపి ఒకటిగా వాడే రెయిడ్ పద్ధతిలో ఉన్న లినక్స్ సర్వర్ అది. గ్రబ్ (బూట్ మొదలుపెట్టే ప్రోగ్రామ్) మెనూ వస్తోంది, కెర్నెల్ (వ్యవస్థకు గుండెకాయ) లోడ్ అవుతోంది, ఆ తర్వాత చాలాసేపు కదలకుండా ఉండి, రూట్ డివైస్ (అసలు వ్యవస్థ ఉన్న డిస్కు భాగం) దొరకలేదంటూ డ్రాకట్ (బూట్ తొలిదశను చూసుకునే సాధనం) ప్రాంప్ట్ దగ్గర ఆగిపోతోంది. రాత్రి ఎనిమిది నుంచి దీని ముందే కూర్చున్నాను, ఇప్పుడు రెండు దాటింది. గ్రబ్‌ను మూడుసార్లు ఇన్‌స్టాల్ చేశాను, ఎఫ్‌స్టాబ్‌లోని (ఏ డిస్కు భాగాన్ని ఎక్కడ తగిలించాలో చెప్పే ఫైలులోని) యూయూఐడీలను (గుర్తింపు సంఖ్యలను) అక్షరం అక్షరం సరిచూశాను, అన్నీ సరిపోతున్నాయి. పొద్దున్న తొమ్మిదికి అందరూ పనిలోకి వస్తారు.

జవాబు 1:
ఏ డిస్ట్రో (ఏ రకం లినక్స్)? ఏ రెయిడ్? దేనితో క్లోన్ చేశారు? పాత డిస్కులు ఇంకా తగిలించే ఉన్నాయా?

ప్రశ్న అడిగినవారు:
సెంటాస్ 7, సాఫ్ట్‌వేర్ రెయిడ్ 1 (రెండు డిస్కుల మీదా ఒకే సమాచారం). లైవ్ యూఎస్‌బీతో (పెన్‌డ్రైవ్‌లోని తాత్కాలిక లినక్స్‌తో) బూట్ చేసి, రెయిడ్ సాధనం ఎండీయాడమ్‌తో కొత్త యారేలు (రెయిడ్‌లో జోడించిన డిస్కు భాగాలు) రెండు తయారుచేసి, పాత బూట్, రూట్ యారేలను డీడీ అనే నకలు సాధనంతో వాటిలోకి నకలు చేశాను. పాత డిస్కులు తీసేశాను.

జవాబు 2:
సెంటాస్ 7కు మద్దతు 2024 జూన్ 30తోనే ముగిసింది. భద్రతా సవరణలు రాని వ్యవస్థను కొత్త డిస్కుల మీదికి మార్చడానికి రాత్రంతా వెచ్చించే బదులు దాని వారసులైన రాకీకో ఆల్మాకో మారడం మేలు. రెయిడ్ ఉంది కదా అని బ్యాకప్ మానేయవద్దని కూడా మనవి.

జవాబు 3:
ఆ సలహా మంచిదే కానీ తెల్లవారేలోగా జరిగే పని కాదు. అసలు మీరు చేసినదాన్ని క్లోన్ అనకూడదు. డిస్కును మొత్తంగా నకలు చేస్తే క్లోన్, మీరు చేసింది ఫైల్ సిస్టమ్‌ను (డిస్కులోని ఫైళ్ళ అమరికను) తరలించడం.

జవాబు 2:
డీడీతో బిట్ బిట్ నకలు చేసినప్పుడు క్లోన్ అనడంలో తప్పేముంది?

జవాబు 3:
ఇక్కడ ఆ తేడాలోనే చిక్కంతా ఉంది. ఫైల్ సిస్టమ్ యూయూఐడీ డీడీతో పాటే వచ్చింది, అందుకే ఎఫ్‌స్టాబ్ సరిపోతోంది. కానీ యారేకు తనదంటూ వేరే యూయూఐడీ ఉంటుంది, కొత్త యారే తయారుచేయగానే అది మారిపోతుంది. ఎనిమిదేసి అంకెల చొప్పున నాలుగు ముక్కలుగా, మధ్యలో కోలన్‌లతో కనిపించేది అదే. హైఫన్‌లతో ఉండేది ఫైల్ సిస్టమ్‌ది. కెర్నెల్ లైనులో (గ్రబ్ కెర్నెల్‌కు ఇచ్చే సూచనల వరుసలో) ఆర్‌డీ.ఎండీ.యూయూఐడీ అని ఉంటే డ్రాకట్ ఆ యారేలను మాత్రమే కూరుస్తుంది, మీ దగ్గర అక్కడ ఇంకా పాత విలువలే ఉండి ఉంటాయి. గ్రబ్ మెనూలో ‘ఇ’ నొక్కి, బూట్, రూట్ యారేలు రెండింటికీ కొత్త విలువలు వేసి, కంట్రోల్ ఎక్స్‌తో బూట్ చేసి చూడండి.

ప్రశ్న అడిగినవారు:
పాతవే ఉన్నాయి. కానీ లైవ్ యూఎస్‌బీ నుంచి సీహెచ్‌రూట్ చేసి (సర్వర్ వ్యవస్థలోకి మారి) డ్రాకట్ కూడా నడిపాను కదా?

జవాబు 3:
అక్కడ కెర్నెల్ పేరు చెప్పకుండా నడిపితే, అప్పుడు నడుస్తున్న లైవ్ యూఎస్‌బీ కెర్నెల్ కోసం ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ తొలిదశకు కావలసిన ఫైళ్ళ మూట) తయారుచేయబోతుంది, మీ కెర్నెల్‌ది అలాగే మిగిలిపోతుంది. బూట్ అయ్యాక డిఫాల్ట్ గ్రబ్ ఫైలులోనూ ఎండీయాడమ్ కాన్ఫ్ ఫైలులోనూ కొత్త విలువలు రాసి, గ్రబ్2 మేక్‌కాన్ఫిగ్, ఆ తర్వాత రీజనరేట్ ఆల్‌తో డ్రాకట్ నడపండి. లేకపోతే మళ్ళీ రీబూట్ చేసినప్పుడు ఇదే కథ.

ప్రశ్న అడిగినవారు:
బూట్ అయింది. ధన్యవాదాలు.

జవాబు 1:
గ్రబ్ రెండు డిస్కుల మీదా వేశారా, ఒక్కదాని మీదేనా?