సమస్యాపూరణం: "రాతిలోన చిగురు రంగు దేలె"

నిర్వాహకుడు:
మిత్రులారా, ఈ వారం సమస్య పైన ఇచ్చాను. ఛందం ఆటవెలది, ఇది నాలుగో పాదం. రాతిలో చిగురేమిటి, దానికి రంగు తేలడమేమిటి అన్నదే చిక్కు. మామూలుగా కనిపిస్తూనే, వంశం రాకాసిబల్లుల కాలానికో అంతకన్నా వెనక్కో పోయే మొక్కల మీద, వాటిని గీసిన బొమ్మల మీద రాయండి. ఫెర్న్, సైకస్, గింకో, సంపెంగ, ఏదైనా సరే. ఈక్విజిటం అయితే మరీ బాగు. ఇవాళ చాలాచోట్ల మోకాలెత్తున ఉండే ఆ మొక్కకు దగ్గరి బంధువులు, తర్వాత బొగ్గుగా మారిన అడవుల్లో 30 మీటర్ల దాకా పెరిగేవి. మొక్కను ఎదురుగా పెట్టుకుని గీసి, ఆ తర్వాత పద్యం రాసేవారికి ముందే నా నమస్కారం.

కుంచెరేఖ:
గీశాకే రాశానండీ. తప్పులుంటే చెప్పండి.

కుండిలోని ఫెర్ను కొసలు చుట్టుకొనగ
కోటి యేండ్ల నాటి కొమ్మ దోచె
కనులజూచి కుంచె కాగితమున దిద్ద
రాతిలోన చిగురు రంగు దేలె

పత్రహరితం:
కుంచెరేఖ గారూ, శిలాజంలో బూడిదరంగుగా మిగిలిన ఆకుకు మీ కుంచె రంగు తిరిగి ఇచ్చిందన్న ఊహ నాకు చాలా నచ్చింది. వృక్షశాస్త్రం చెప్పేదాన్ని కాబట్టి మూడు మాటలు.

ఫెర్న్ ఆకు చుట్టుకోదండీ, పుట్టడమే చుట్టగా పుట్టి మెల్లగా విప్పుకుంటుంది. దీన్నే పాఠ్యపుస్తకాల్లో వలిత కిసలయ విన్యాసం అంటాం. ఎంత అందమైన మాటో చూడండి, అదే సగం పద్యం! రెండోది, కోటి ఏళ్లు బొత్తిగా చాలవు. ఫెర్న్‌ల వంశం 35 కోట్ల ఏళ్లకు పైబడింది. ఇప్పటి జాతుల్లో చాలావరకు ఆ తర్వాత ఎప్పుడో వచ్చినవే, వంశం మాత్రం అంత పాతది. మూడోది, మనం కొమ్మ అనుకునేది నిజానికి ఒకే ఆకు. దాని అడుగున గోధుమరంగు చుక్కలు వరుసగా ఉంటాయే, అవి సిద్ధబీజాశయాల గుంపులు, అంటే ఫెర్న్‌లు విత్తనాలకు బదులు వాడే సిద్ధబీజాలుండే సంచులు. పురుగు పట్టిందని కొందరు తుంచేస్తారు. మీ బొమ్మలో ఆకును కొంచెం వెనక్కి మడిచి ఆ చుక్కలు కూడా చూపించండి.

నిర్వాహకుడు:
సవరణ ఛందం చెడకుండానే కుదురుతుంది. "కొసలు చుట్టను విప్ప" అంటే నగణం మీద గురువు, ఆపైన సలము. రెండో పాదంలో "కోటి" తీసి "కోట్ల", "కొమ్మ" తీసి "గుట్టు" పెట్టండి. కో, గు లకు యతి చెల్లుతుంది.

ఆటవెలది అభిమాని:
విసనకర్ర వలెను విరిసిన యాకును
బల్లులేలు నాటి బంధు వనుచు
పసిడి రంగు నద్ది పటమున జూపగా
రాతిలోన చిగురు రంగు దేలె

నిర్వాహకుడు:
విసనకర్ర లాంటి ఆకులుండే గింకో చెట్టును పేరెత్తకుండానే చూపించారు, భేష్. ఒక్క చిక్కుంది. గింకో ఆకు పసిడిరంగు తిరిగేది రాలే ముందు. సమస్యలో ఉన్నది చిగురు. "పచ్చ రంగు నద్ది" అనండి, గణమూ యతీ రెండూ నిలుస్తాయి.

పత్రహరితం:
ఇంకో చిన్న మాట. జురాసిక్ శిలాజాల్లో గింకో ఆకుకు చీలికలు చాలా ఎక్కువ, వేళ్లు చాపిన అరచేయిలా ఉంటుంది. రెండు ఆకుల్నీ పక్కపక్కన గీస్తే ఆ తేడా ఇట్టే తెలుస్తుంది.

గింకో అనగానే నాకు హిరాసే సకుగోరో గుర్తొస్తారు. టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో మొక్కల బొమ్మలు గీసే ఉద్యోగిగా చేరిన మనిషి. గింకో పురుషబీజకణాలు ఈదుతాయని 1896లో మైక్రోస్కోప్ కింద కనిపెట్టింది ఆయనే! విత్తనం కట్టే చెట్టులో, నాచుల్లోనూ ఫెర్న్‌లలోనూ ఉండే ఆ పాత అలవాటు అలాగే మిగిలిందన్నమాట. గీయడానికి చూసే చూపు వేరండీ.

నీలిముద్ర:
ఎండ కాంతి తగుల నీలికాగితముపై
నీడగాను ఫెర్ను నిలచిపోయె
ఆకు రాలి మట్టి నచ్చైన రీతిగా
రాతిలోన చిగురు రంగు దేలె

నిర్వాహకుడు:
కెమెరా లేకుండా మొక్కనే కాగితం మీద పరిచి ఎండలో అచ్చు తీసే సయనోటైప్ పద్ధతి కదా ఇది. ఇంగ్లండుకు చెందిన వృక్షశాస్త్రవేత్త అన్నా అట్కిన్స్ 1843లో సముద్రపు నాచులతో మొదలుపెట్టి, తర్వాత ఫెర్న్‌లనూ ఇలాగే అచ్చుతీశారు. ఊహ మంచిది. కానీ మొదటి పాదంలో ఎ, నీ లకు యతి లేదు. "నింగి వెలుగు తగుల" అంటే సరిపోతుంది. అసలు లోపం మూడో పాదంలో ఉంది. "రీతిగా" అన్నాక ఏ రీతిగా ఏం జరిగిందో తేలలేదు, సమస్య విడిగా వేలాడుతోంది. మొదటి రెండు పాదాల కోసమైనా మళ్లీ ప్రయత్నించండి, వదలకండి.

శిలాక్షరం:
సన్నగీతతోడ సంపెంగ కొమ్మను
నూనె బలపమూని నునుపు పలక
మీద గీసి యచ్చు మెల్లగా దీయగ
రాతిలోన చిగురు రంగు దేలె

నీలిముద్ర:
అబ్బ, రాతి అచ్చు, అదే లిథోగ్రఫీ! ఇది తట్టనే లేదు. కానీ గీత రాతి పైన కదా ఉండేది, "లోన" ఎలా కుదురుతుంది?

శిలాక్షరం:
కుదురుతుందండీ. బలపంలోని జిడ్డును సున్నపురాయి లోపలికి పీల్చుకుంటుంది. తడిపితే నీళ్లు జిడ్డు లేనిచోటే నిలుస్తాయి, సిరా జిడ్డున్నచోటే పట్టుకుంటుంది. 1796 ప్రాంతంలో సెనెఫెల్డర్ కనిపెట్టిన పద్ధతి ఇదే. మొక్కల బొమ్మలు ఎన్నో ఇలా అచ్చయ్యాయి. దానికి మేలైన రాయి జర్మనీలో బవేరియాలోని సోల్న్‌హోఫెన్ గనులది, వయసు దాదాపు 15 కోట్ల ఏళ్లు. రాకాసిబల్లులకూ పక్షులకూ మధ్య జీవిగా చెప్పే ఆర్కియోప్టెరిక్స్ శిలాజం దొరికింది ఆ రాతిలోనే. 1861లో దాని పేరు చివర చేర్చిన "లిథోగ్రాఫికా" ఈ అచ్చురాయి గుర్తే. ఆ పొరల్లో మొక్కల రెమ్మలు కూడా శిలాజాలుగా దొరికాయి.

నిర్వాహకుడు:
శిలాజమూ అచ్చుపలకా ఒకే రాయి! సమస్య ఇచ్చినప్పుడు నాకే తెలియని అర్థం ఇది. ఈ వారానికి ఇదే మేటి పూరణ.

కుంచెరేఖ:
పద్యం సవరించాను. బొమ్మ కూడా మళ్లీ గీశాను. ఈసారి చుట్ట విప్పుకుంటోంది, ఆకు అడుగున చుక్కలూ ఉన్నాయి.

కుండిలోని ఫెర్ను కొసలు చుట్టను విప్ప
కోట్ల యేండ్ల నాటి గుట్టు దోచె
కనులజూచి కుంచె కాగితమున దిద్ద
రాతిలోన చిగురు రంగు దేలె