ముగింపు ముందే తెలిసిపోయాక హిచ్‌కాక్ సినిమాలను ఎలా చూడాలి?

నేల టికెట్టు:

అందరికీ నమస్కారం. ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ సినిమాలు వరసగా చూడాలన్న కోరిక నాకు కాలేజీ రోజుల నుంచీ ఉన్నా, తీరిక చిక్కింది మాత్రం ఈ మధ్యనే. గత నెలలో 'సైకో', 'వెర్టిగో', 'రియర్ విండో' చూశాను. దాచుకోకుండా చెబుతున్నాను, మొదటి రెండూ నన్ను నిరాశపరిచాయి.

'సైకో'లోని స్నానాల గది హత్య గురించీ, చివర బయటపడే రహస్యం గురించీ ఇన్నేళ్లుగా ఎక్కడో ఒకచోట వింటూనే ఉండటం వల్ల, సినిమా మొత్తంలో నేను ఉలిక్కిపడిన క్షణం ఒక్కటీ లేదు. 'వెర్టిగో' సంగతి ఇంకా విచిత్రం. అక్కడ రహస్యాన్ని నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు, దర్శకుడే చెప్పేశాడు. ఇంకా మూడో వంతు సినిమా మిగిలి ఉండగానే కథానాయిక జూడీ హోటల్ గదిలో కూర్చుని ఉత్తరం రాస్తూ జరిగిన కుట్రనంతా మన ముందు విప్పేస్తుంది, ఆ తరవాత ఆ ఉత్తరాన్ని చింపేస్తుంది. అక్కడితో నాకు ఆసక్తి సగం చచ్చిపోయింది. దోషి ఎవరన్నది ఆఖరి పది నిమిషాల దాకా దాచిపెట్టగలిగిన సినిమానే మనం మంచి సస్పెన్స్ సినిమా అంటాం కదా! అలాంటిది, 2012లో 'సైట్ అండ్ సౌండ్' పత్రిక నిర్వహించిన విమర్శకుల ఎంపికలో 'వెర్టిగో'కే మొదటి స్థానం దక్కిందని చదివి ఆశ్చర్యపోయాను. 'రియర్ విండో' మాత్రం కదలకుండా కూర్చోబెట్టింది, అది ఎందుకో నాకే తెలియడం లేదు.

లోపం నా చూపులో ఉందా, లేక కాలం మారిపోయిందా? తెలిసినవారు చెప్పగలరు.

పాత రీలు:

నేల టికెట్టు గారూ, మీరు సస్పెన్స్ అని పిలుస్తున్నదాన్ని హిచ్‌కాక్ సస్పెన్స్ అని ఒప్పుకునేవాడు కాదు. దోషి ఎవరో చివరిదాకా దాచిపెట్టే కథలంటే ఆయనకు పెద్దగా ఇష్టం ఉండేది కాదు. 1962లో ఫ్రెంచి దర్శకుడు ఫ్రాంస్వా త్రుఫో ఆయనతో రోజుల తరబడి జరిపిన సంభాషణలు తరవాత పుస్తకంగా వచ్చాయి. అందులోని బాంబు ఉదాహరణను మీరు వినే ఉంటారు. ఇద్దరు మనుషులు బల్ల దగ్గర కూర్చుని ఏదో మాట్లాడుకుంటున్నారు. బల్ల కింద బాంబు ఉన్నట్టు మనకు తెలియకపోతే, అది పేలినప్పుడు పదిహేను సెకండ్ల పాటు అదిరిపడతాం, అంతే. బాంబు ఉన్నదనీ, ఒంటిగంటకు పేలుతుందనీ ముందే చెప్పి, గోడ గడియారంలో పావు తక్కువ ఒంటిగంట అయినట్టు చూపిస్తే, ఆ ఇద్దరి పనికిమాలిన కబుర్లు కూడా మనకు పదిహేను నిమిషాల నరకం అవుతాయి.

ఈ కిటుకు మనకు కొత్తది కాదు. బంగారు లేడి రూపంలో వచ్చినవాడు మారీచుడని హరికథ పందిట్లో కూర్చున్న పిల్లవాడికి కూడా తెలుసు, సీతకు తెలియదు. ఆ ఘట్టాన్ని వందసార్లు విన్న ముసలివాళ్లు సైతం, లక్ష్మణుడు గడప దాటేసరికి ఒక్కసారి నిట్టూరుస్తారు. కథ తెలియడం వల్ల వాళ్ల ఉత్కంఠ ఏమీ తగ్గలేదు సరికదా, తెలియడం వల్లనే అది పుట్టింది.

హిచ్‌కాక్ దీన్ని ఎంత మొండిగా పాటించాడో చూడాలంటే 1936లో ఆయన లండన్‌లో తీసిన 'సాబటాజ్' చూడండి. ఒక చిన్న కుర్రవాడు సినిమా రీళ్ల డబ్బాలతో పాటు ఒక పొట్లాన్ని ఊరి అవతలికి మోసుకుపోతుంటాడు. అందులో బాంబు ఉందనీ, అది ఒంటిగంటా నలభై అయిదుకు పేలుతుందనీ మనకు తెలుసు. దారిలో పళ్ల పొడి అమ్మేవాడు జనం ముందు తన సరుకు గొప్పతనం చూపించడానికి ఆ కుర్రవాణ్ణే పట్టుకుంటాడు, తరవాత ఊరేగింపు అడ్డం వస్తుంది, చివరికి బస్సెక్కి పక్క సీటులోని కుక్కపిల్లతో ఆడుకుంటాడు. ఒక్క క్షణం కూడా అనవసరంగా కనిపించదు, ఎందుకంటే ప్రతి ఆలస్యమూ మన గుండెల మీదే పడుతుంది. బాంబు పేలి కుర్రవాడు చనిపోతాడు. అంతసేపు ప్రేక్షకుణ్ణి బిగబట్టి, ఆ బిగువు నుంచి విడిపించకుండా ఆ పిల్లవాణ్ణి చంపడం తాను చేసిన పెద్ద తప్పని హిచ్‌కాక్ తరవాతి కాలంలో ఒప్పుకున్నాడు. (నా మటుకు నాకు అది తప్పనిపించదు. అయితే దాన్ని రెండోసారి చూసే ధైర్యం కూడా నాకు ఇంతవరకు కలగలేదు.)

ఇప్పుడు 'వెర్టిగో' ఉత్తరం సంగతి. ఆ సినిమాకు మూలమైన ఫ్రెంచి నవలలో, చనిపోయిందని కథానాయకుడు నమ్మిన స్త్రీ, తరవాత అతనికి ఎదురైన స్త్రీ ఇద్దరూ ఒక్కరేనన్న నిజం కథ చివర్లోనే బయటపడుతుంది. దాన్ని ముందుకు జరపడం హిచ్‌కాక్ కావాలని చేసిన మార్పు, దాన్ని ఆయన చుట్టూ ఉన్నవాళ్లు ఒప్పుకోలేదు కూడా. ఆ మార్పు లేకపోతే మిగిలిన మూడో వంతులో మనం ఎదురుచూసేది "ఈమె ఎవరు?" అన్న ప్రశ్నకు జవాబు కోసమే. మార్పు వల్ల, కథానాయకుడు స్కాటీ జూడీకి బూడిద రంగు దుస్తులు కొనిపెట్టి, జుట్టు రంగు మార్పించి, చివరికి ముడి కూడా వేయించేటప్పుడు, ఆ ఒక్కొక్క మెట్టు దగ్గరా ఆమె ఎందుకు వణుకుతున్నదో మనకు తెలుస్తుంది, అతనికి తెలియదు. అతను ప్రేమిస్తున్న స్త్రీ ఎదురుగానే ఉంది, కాని ఆమె తానే ఆమెనని చెప్పుకుంటే హత్యలో భాగస్వామినని కూడా ఒప్పుకోవలసి వస్తుంది. మీరు ఆసక్తి చచ్చిపోయిందన్న చోటనే, నా దృష్టిలో, అసలు సినిమా మొదలవుతుంది. ఒక్కసారి ఆ ఉత్తరం దగ్గర నుంచి, స్కాటీని వదిలేసి జూడీ ముఖాన్నే గమనిస్తూ చూడండి.

రెండో ఆట:

పాత రీలు గారి మాటకు చిన్న చేర్పు. ఈ సూత్రం భయానికే పరిమితం కాదు. 'మాయాబజార్'లో శశిరేఖ వేషంలో ఉన్నది ఘటోత్కచుడని మనకు ముందే తెలియకపోతే ఆ పెళ్లింటి నవ్వులన్నీ ఏమైపోయేవో ఆలోచించండి.

'రియర్ విండో' మిమ్మల్ని ఎందుకు పట్టి ఉంచిందో చెప్పే ప్రయత్నం చేస్తాను. 1954లో విడుదలైన ఆ సినిమాను పారమౌంట్ స్టూడియోలో 31 వాటాల భవన సముదాయాన్ని ఒకే సెట్టుగా కట్టి తీశారు. అంత పెద్ద సెట్టు కట్టించి కూడా, కెమెరాను దాదాపు సినిమా అంతా కాలు విరిగిన ఫొటోగ్రాఫర్ గదిలోనే కూర్చోబెట్టాడు. అతను చూడగలిగిందే మనం చూస్తాం, అతను కదలలేడు కనుక మనమూ కదలలేం. ఎదుటి వాటాలోని హంతకుడి ఇంట్లోకి ఫొటోగ్రాఫర్ ప్రియురాలు లీసా దూరినప్పుడు, ఆ హంతకుడు మెట్లెక్కి వస్తుండటాన్ని మనం ఇవతలి కిటికీలోంచి చూస్తూ అరవనైనా అరవలేని స్థితిలో ఉంటాం. పోలీసులు వచ్చాక ఆమె చేతులు వీపు వెనక పెట్టి, వేలికి తొడుక్కున్న పెళ్లి ఉంగరాన్ని ఇవతలికి సైగ చేసి చూపిస్తుంది. ఆ సైగను హంతకుడు గమనించి, అది ఎవరికోసమో వెతుకుతూ తల పైకెత్తి, నేరుగా కెమెరాలోకి, అంటే మన కళ్లలోకే చూస్తాడు. గంటన్నర పాటు పక్కింటి కిటికీల్లోకి తొంగిచూసిన ప్రేక్షకుడికి ఇంతకంటే పెద్ద శిక్ష ఉండదు.

ఒక సూక్ష్మం గమనించారా? కథానాయకుడు కుర్చీలోనే నిద్రపోతున్న సమయంలో, ఎదుటి వాటాలోని మనిషి నల్ల దుస్తుల్లో ఉన్న ఒక స్త్రీతో కలిసి బయటికి వెళ్లడం మనకు మాత్రమే కనిపిస్తుంది. అంతవరకు అతనికి తెలిసిందే మనకూ తెలుసు, ఆ ఒక్క షాటుతో మనకు అతని కంటే ఎక్కువ తెలిసిపోయింది. పైగా అది, ఆ మనిషి తన భార్యను చంపాడన్న కథానాయకుడి అనుమానానికి వ్యతిరేకమైన సాక్ష్యం. ఆ తరవాత అతను ఎంత గట్టిగా వాదిస్తున్నా మనలో ఒక మూల సందేహం మెదులుతూనే ఉంటుంది. నేను మూడోసారి చూసినప్పుడు గాని దీని విలువ నాకు అర్థం కాలేదు.

గోదావరి గట్టు:

అందరూ ప్రశ్న అడిగినవారికి పాఠం చెబుతున్నారు గాని, ఆయన ఫిర్యాదులో సగం న్యాయం ఉందని నా అభిప్రాయం. 'సైకో' విషయంలో హిచ్‌కాక్ తన సూత్రాన్ని తానే పక్కన పెట్టాడు. ఆ సినిమా రహస్యం మీదే నిలబడింది. డిటెక్టివ్ మెట్లెక్కినప్పుడు కెమెరాను అమాంతం కప్పు మీదికి ఎత్తేయడం, మోటెల్ నడిపే నార్మన్ తల్లి ముఖాన్ని మన నుంచి దాచడానికే. 1960లో విడుదల చేసినప్పుడు ఆట మొదలయ్యాక ఎవరినీ హాల్లోకి రానివ్వవద్దని పట్టుబట్టిందీ ఆ రహస్యం కోసమే. కథానాయిక అనుకున్న మనిషిని సినిమా సగం కూడా కాకముందే చంపేస్తే, ఆలస్యంగా వచ్చినవాడు ఆమె ఎప్పుడు కనిపిస్తుందా అని ఎదురుచూస్తూ కూర్చుంటాడు కదా. మన ఇంటర్వెల్ మలుపులన్నీ దాని ముందు చిన్నబోతాయి. అందువల్ల అరవై ఏళ్ల తరవాత గుట్టు తెలిసి చూసేవారికి అందులో కొంత నష్టం తప్పదు, దాన్ని ఒప్పుకోవడంలో చిన్నతనం లేదు. చివర్లో మానసిక వైద్యుడు చేసే సుదీర్ఘ ప్రసంగం నాకు ఇప్పటికీ విసుగే.

అయినా నేను 'సైకో'ను మళ్లీ మళ్లీ చూస్తాను, అది వేరే ఘట్టం కోసం. హత్య తరవాత నార్మన్ గది కడిగి, శవాన్ని కారులో పెట్టి, కారును ఊబిలోకి తోస్తాడు. ఆమె దొంగిలించి తెచ్చిన 40,000 డాలర్లు వార్తాపత్రికలో చుట్టి ఉన్నాయి, అతను అదేమిటో తెలియకుండానే దాన్నీ కారులోకి విసిరేస్తాడు. అప్పటిదాకా కథ నడిపించిన డబ్బు మూట అక్కడితో సరి. కారు కొంత మునిగి ఒక్క క్షణం ఆగిపోతుంది. సరిగ్గా ఆ క్షణంలో, ఎవరి పక్షాన ఉన్నామో మరిచిపోయి, అది మునిగితే బాగుండునని మనం కోరుకుంటాం. 'స్ట్రేంజర్స్ ఆన్ ఎ ట్రెయిన్'లో కూడా, నిరపరాధిని ఇరికించడానికి తీసుకుపోతున్న సిగరెట్ లైటరు కాలవ కన్నంలో పడిపోతే, దుర్మార్గుడు చెయ్యి చాపి దాన్ని అందుకునేదాకా మనం ఊపిరి బిగబడతాం. మంచివాళ్లమని అనుకుంటున్న మన చేత ఇలాంటి కోరికలు కోరించడం ఏ ట్విస్టు కంటే గొప్ప విద్య.

సంగీతం సంగతి కూడా చెప్పాలి. స్నానాల గది దృశ్యానికి సంగీతమే వద్దని హిచ్‌కాక్ మొదట అనుకున్నాడు, బెర్నార్డ్ హెర్మన్ తంత్రీవాద్యాలతో చేసి వినిపించాక మనసు మార్చుకున్నాడు. మూడేళ్ల తరవాత తీసిన 'ది బర్డ్స్'లో అలవాటైన నేపథ్య సంగీతమే లేదు. బడి బయట బెంచీ మీద కథానాయిక సిగరెట్ కాలుస్తూ కూర్చుంటే, లోపల పిల్లలు పాట పాడుతుంటే, ఆమె వెనక ఇనుప కడ్డీల మీద కాకులు ఒకటొకటిగా చేరడాన్ని మనం మాత్రమే చూస్తుంటాం. పాట ఎప్పుడు అయిపోతుందా, అయిపోతే పిల్లలు బయటికి వస్తారా అని రెండు వైపులా భయమే. ఇది పాత రీలు గారి బాంబు కథే, కాకపోతే బాంబుకు రెక్కలు మొలిచాయి.

అయితే ఆ సినిమాను మెచ్చుకునేటప్పుడు, షూటింగు రోజుల్లోనూ ఆ తరవాతా హిచ్‌కాక్ తనను లైంగికంగా వేధించాడని కథానాయిక టిప్పి హెడ్రెన్ 2016లో తన ఆత్మకథలో రాసిన విషయాన్ని నేను పక్కన పెట్టలేను. వాటి గురించి చదివాక, ఆడవాళ్ల రూపాన్ని తన ఇష్టప్రకారం మలచాలనుకునే మగవాడి కథ అయిన 'వెర్టిగో'ను చూసే తీరు నాకైతే మారిపోయింది.

నేల టికెట్టు గారూ, తరవాత 1946 నాటి 'నొటోరియస్' చూడండి. దాని ముగింపు గురించి మీకు ఎవరూ చెప్పి ఉండరు, చెప్పినా నష్టం లేదు. ఒక్క సలహా: ఫోన్‌లో చూడకండి.

నేల టికెట్టు:

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం మధ్యాహ్నం టీవీలో పెట్టి, మా అమ్మతో కలిసి 'నొటోరియస్' చూశాను. అమ్మకు ఇంగ్లిషు రాదు కనుక మొదటి అరగంట నేను పక్కన కూర్చుని మాటలు చెబుతూ వచ్చాను. విందు ఘట్టం వచ్చాక ఆ అవసరం లేకపోయింది. పై అంతస్తు నుంచి హాలు మొత్తాన్ని చూపించిన కెమెరా మెల్లగా కిందికి దిగి, నాజీల గుట్టు తెలుసుకోవడానికి వాళ్లలో ఒకణ్ణి పెళ్లాడిన ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ గుప్పిట్లోని తాళంచెవి దగ్గర ఆగినప్పుడు, "మొగుడి తాళాల గుత్తిలోంచి తీసింది అదేగా" అని అమ్మే నాకు చెప్పింది. ఇంతలో హాల్లో మంచులో పెట్టిన షాంపేన్ సీసాలు తరిగిపోవడం మొదలైంది. అవి అయిపోతే ఎవరో ఒకరు సీసాల కోసం నేలమాళిగకు దిగక తప్పదు, అక్కడ రహస్యంగా వెతుకుతున్న కథానాయకుడు కేరీ గ్రాంట్ దొరికిపోక తప్పదు. సీసాలు చూపించిన ప్రతిసారీ అమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. దాచిన సీసాలో ఉన్నది యురేనియం ఖనిజమని నేను వివరించబోతే, "ఏదైతేనేం లే" అని కొట్టిపారేసింది. హిచ్‌కాక్ వింటే సంతోషించేవాడేమో.

చివరి మెట్ల దృశ్యం గురించి చెప్పి తీరాలి. విషప్రయోగానికి గురైన కథానాయికను కథానాయకుడు చేతుల్లో పట్టుకుని మెట్లు దింపుతుంటే, కింద నాజీలు నిలబడి చూస్తుంటే, ఆమె భర్త పాత్రలో క్లాడ్ రెయిన్స్ నోరు తెరిచి నిజం చెప్పలేడు, చెప్పకుండా తప్పించుకోనూ లేడు. అతనికి ఏం జరుగుతుందో నాకు ముందే అర్థమైపోయింది. అయినా ఆ మెట్లు ఎంతకీ తరగలేదు. చివరికి కారు తలుపు లోపలి నుంచి గడియ పడి, తనను కూడా ఎక్కించుకోమని బతిమాలిన అతను ఒంటరిగా వెనక్కి నడిచివెళ్లాక, ఇంటి తలుపు మూసుకుంది. రెండు గంటలుగా అతన్ని తిట్టిపోస్తున్న మా అమ్మ కాసేపు మాట్లాడకుండా ఉండి, "పాపం, వాణ్ణి కూడా ఎక్కించుకుపోతే వాళ్ల సొమ్మేం పోయిందిరా" అంది.