అప్‌డేట్: 108 ఎక్కువా, 0.85 ఎక్కువా?

మేడ మీద వేయడానికి ఎండని తిప్పికొట్టి ఇల్లు చల్లగా ఉంచే రెండు కూల్ రూఫ్ పూతలు చూశానని, ఒక డబ్బా మీద ఎస్‌ఆర్‌ఐ (సోలార్ రిఫ్లెక్టెన్స్ ఇండెక్స్) 108 అని, ఇంకోదాని మీద రిఫ్లెక్టెన్స్ 0.85 అని ఉందని, ఏది మంచిదో చెప్పమని అడిగాను కదా. తేలింది.

రెండూ దాదాపు ఒకటే! 0.85 అంటే పడిన ఎండలో 85 శాతం వెనక్కి పంపుతుందని. ఎస్‌ఆర్‌ఐ అంటే దాంతోపాటు పీల్చుకున్న వేడిని ఎంత బాగా వదిలేస్తుందో (ఎమిటెన్స్) కూడా కలిపి వేసే లెక్క. అందులో ప్రామాణిక నలుపుకి 0, ప్రామాణిక తెలుపుకి 100, కాబట్టి 100 దాటడం మోసమేమీ కాదు. ఎమిటెన్స్ 0.90 ఉంటే 0.85 పూతకి ఎస్‌ఆర్‌ఐ 107 దగ్గర వస్తుంది. తళతళలాడే రేకు ఎండని బాగానే తిప్పికొట్టినా కాలిపోయేది ఈ ఎమిటెన్స్ తక్కువవడం వల్లే.

అసలు తేడా డేటా షీట్‌లో దొరికింది. డబ్బా మీద వేసేది కొత్త పూత అంకె. దుమ్ము, నాచు పట్టాక అది పడిపోతుంది, అందుకే మూడేళ్ల తర్వాతి అంకె వేరుగా ఇస్తారు. ఒకదానికి 0.72 అని ఉంది, రెండోదానికి ఆ గడే ఖాళీ. కంపెనీకి మెయిల్ పెడితే మళ్లీ అదే బ్రోచర్ పంపారు, ఇక వాళ్లతో నాకెందుకు టెన్షన్, 0.72 దే తీసుకున్నా.

ఇంకోటి, ఆ అంకెలన్నీ షీట్‌లో రాసిన మందం వేస్తేనే. పెయింటర్ నీళ్లు ఎక్కువ కలిపి పలచగా లాగేస్తుంటే పక్కనే నిలబడి ఆపాల్సి వచ్చింది.