కంప్యూటర్‌లో పాడ్‌కాస్ట్‌లకు చందాదారుగా చేరడం ఎలా?

ప్రశ్న (కడప):
ఇన్నాళ్లూ బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లి చదువుకున్న మా నాన్నగారు, చూపు మందగించడంతో ఇప్పుడు సాహిత్య ప్రసంగాలు వినాలని కోరుకుంటున్నారు. ఫోను ఆయనకు అలవాటు లేదు. కొత్త భాగం రాగానే ఇంట్లోని విండోస్ కంప్యూటర్‌లోకి దానంతటదే దిగి, నెట్ లేనప్పుడు కూడా వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే దయచేసి తెలుపగలరు.

జవాబు (అనంతపురం):
జీపాడర్ వాడండి, మీ అవసరానికి అదే తగినది. పాడ్‌కాస్ట్ (నెట్‌లో భాగాలుగా వచ్చే ఆడియో కార్యక్రమం) ఫీడ్ చిరునామాను అందులో ఒకసారి అతికిస్తే భాగాల జాబితా కనిపిస్తుంది. ఆపైన కొత్తవి వచ్చాయేమో అదే చూసుకునేలా సెట్టింగులలో పెట్టుకోవచ్చు. కొత్త భాగాలు వెంటనే డౌన్‌లోడ్ కావాలని కూడా అక్కడే తప్పక ఎంచుకోండి. ఫీడ్ అంటే ఒక్కో భాగం పేరు, తేదీ, ఆడియో ఫైలు లంకె ఉన్న పట్టిక కాబట్టి, బ్రౌజర్‌లో తెరిచినప్పుడు కోడ్ కనిపించినా కంగారు పడనక్కరలేదు.

జవాబు (కర్నూలు):
ఆ చిరునామా దొరకడమే అసలు చిక్కు. కార్యక్రమపు సొంత వెబ్‌సైట్‌లో ‘ఆర్‌ఎస్‌ఎస్’ (RSS, అంటే ఫీడ్) అన్న లంకె కోసం చూడండి. ఒకే యాప్‌కు పరిమితమైన కార్యక్రమాలకు బహిరంగ ఫీడ్ ఉండదు, వాటిని ఇలా చేర్చలేము.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. కంప్యూటర్ మారిస్తే అన్నీ మళ్లీ చేర్చుకోవాలా?

జవాబు (అనంతపురం):
అక్కరలేదండీ. చందాల జాబితాను ఓపీఎంఎల్ ఫైలుగా దాచుకుని కొత్త కంప్యూటర్‌లోని జీపాడర్‌లో తెరిస్తే సరిపోతుంది.