హైదరాబాద్ నుంచి దుబాయికి ప్రయాణం మూడు గంటలా, నాలుగు గంటలా?

గగనచారి: శంషాబాద్ నుంచి దుబాయికి ఆకాశమార్గంలో దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. విమాన వేగం గంటకు 850 కిలోమీటర్లనుకుంటే మూడు గంటల్లో చేరాలి. టికెట్టు మీద నాలుగు గంటలని వేయడం, ఆలస్యమైనా వేళకు చేరామని చెప్పుకోవడానికి విమాన సంస్థలు పన్నిన ఎత్తు మాత్రమే.

పడమటిగాలి: ఎత్తు కాదండీ. టికెట్టు మీద ఉండేది బ్లాక్ టైమ్. అంటే విమానం ఇక్కడి గేటు నుంచి కదిలిన క్షణం మొదలు అక్కడి గేటు దగ్గర ఆగేదాకా. రన్‌వే వరకు నిదానంగా నడవడం, పైకెక్కడం, దిగే ముందు దుబాయి రద్దీలో వరుస కోసం తిరగడం, అన్నీ అందులోనే. పైగా విమానం ఎగిరే ఎత్తులో గాలులు, ముఖ్యంగా చలికాలంలో, పడమర నుంచి తూర్పుకు వీస్తాయి కనుక వెళ్లేటప్పుడు ఎదురవుతాయి, వచ్చేటప్పుడు తోస్తాయి. అందుకే తిరుగు ప్రయాణం దాదాపు మూడున్నర గంటల్లోనే ముగుస్తుంది.

బెజవాడ పాఠకురాలు: నా తిరుగు టికెట్టులో రాత్రి పదింటికి బయలుదేరి తెల్లవారుజామున మూడింటికి చేరుతుందని ఉంది. ఐదు గంటలు కదా?

పడమటిగాలి: మన గడియారం వారికంటే గంటన్నర ముందుంటుంది. అది తీసేయండి, మూడున్నరే.

గగనచారి: గాలుల సంగతి నాకూ తెలుసు. నేనడిగింది దూరానికి తగిన సమయం. మూడు గంటలే.

జగిత్యాలవాసి: నాన్న పోయారన్న కబురు నాకు గురువారం రాత్రి అందింది. అప్పట్లో అక్కడ శుక్రవారం సెలవు. పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉండేది. కంపెనీ తరఫున వీసా, పాస్‌పోర్టు పనులు చూసే పీఆర్వో సంతకం పెడితే గాని చేతికి రాదు. ఆయన వచ్చి, సెలవు మంజూరై, టికెట్టు దొరికి, శంషాబాద్‌లో దిగి, అక్కడి నుంచి ఐదు గంటలు రోడ్డు మీద వచ్చి ఇల్లు చేరేసరికి దహనం ఎప్పుడో అయిపోయింది. "నాలుగు గంటల దారికి ఇన్నాళ్లా?" అని మా వాళ్లే అన్నారు. మీ లెక్కలో ఇదెక్కడుంది?

గగనచారి: విచారకరమే. కానీ శీర్షిక చదవండి, ఇది విమాన సమయం గురించిన చర్చ. సెలవు దొరకకపోవడం దూరం కాదు.

జగిత్యాలవాసి: కార్మికుల క్యాంపులో పడుకున్నవాడికి అదే దూరం. మీరు మ్యాపు మీద గీత గీసి మాట్లాడుతున్నారు.

తీరవాసి: ఇద్దరూ కాస్త తగ్గండి.

పడమటిగాలి: గగనచారి గారూ, గంట తేడా కోసం ఇంత పట్టుదల ఎందుకో అర్థం కావడం లేదు. టికెట్టు మీది సమయం తప్పైతే మీకు పోయేదేమిటి?

గగనచారి: అడిగారు కనుక చెబుతున్నాను. మా అన్నయ్య దుబాయిలోనే ఉంటారు. అమ్మ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఫోనులో "అంత దూరం నుంచి ఎలా రాగలను" అన్నదే ఆయన మాట. రాత్రిళ్లు మంచం పక్కన కూర్చున్నది నేను.

జగిత్యాలవాసి: ఆయన పాస్‌పోర్టు ఎవరి చేతిలో ఉందో ఒక్కసారైనా అడిగారా? నన్ను తిట్టిన మా చిన్నాన్న కూడా అడగలేదు.

గగనచారి: అడగనవసరం లేదు. ఆయన బ్యాంకు ఉద్యోగి, పాస్‌పోర్టు సొంత ఇంటి బీరువాలోనే ఉంటుంది. మీకు దారి మూసేశారు, ఆయనకు తెరిచే ఉంది. ఆయన విషయంలో మూడు గంటలే.