డాంగిల్‌లో స్పీడ్ 18 వస్తోంది, అయినా రిమోట్ డెస్క్‌టాప్‌లో అక్షరం పడటానికి యుగం పడుతోంది

కోనసీమ_నైట్‌షిఫ్ట్:
నమస్తే అందరికీ. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లే. ఫైబర్ లైను మెయిన్ రోడ్డు దాకా వచ్చి ఆగిపోయింది, అడిగితే ఇంకో పది కనెక్షన్లు ఉంటే లాగుతాం అంటున్నారు, ఆ పది మందిని నేనెక్కడి నుంచి తేను. అందుకే లాప్‌టాప్‌కి 4జీ యూఎస్‌బీ డాంగిల్ పెట్టుకుని నెట్టుకొస్తున్నా. స్పీడ్ టెస్ట్ 18 ఎంబీపీఎస్ చూపిస్తుంది, యూట్యూబ్ ఎక్కడా ఆగదు, కానీ వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్ళే రహస్య దారి) ఎక్కి ఆఫీసు మెషీన్ తెరిచి "సెలెక్ట్" అని కొడితే "సె" పడుతుంది, తర్వాత నిశ్శబ్దం, ఆ తర్వాత మిగతావన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి. సర్వర్ వర్జీనియాలో ఉంది. డాంగిల్ మార్చాలా, పాకెట్ వైఫై కొనాలా, 5జీది ఏదైనా చూడాలా? బడ్జెట్ మూడు వేలు, మరీ అయితే నాలుగు.

వరంగల్_పోరడు:
డాంగిల్‌కు దండం పెట్టి రెండేండ్లయింది అన్నా. వేలంత ఉంటది, దాంట్ల యాంటెన్నా ఏం సరిపోతది. మామూలు క్యాట్ 4 రకం డాంగిల్ ఒక్కసారికి ఒక్క బ్యాండే (టవర్ సిగ్నల్ వచ్చే ఫ్రీక్వెన్సీ) పట్టుకుంటది, మంచి ఫోనైతే రెండు మూడు బ్యాండ్లు కలిపి లాగుతది. నేను ఫోనుకు ఛార్జింగ్ వైరు గుచ్చి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టిన, అంటే ఫోన్ నెట్ లాప్‌టాప్‌కు ఇచ్చిన. వైఫై హాట్‌స్పాట్ కాదు, వైరే. బీజీఎంఐ ఆటల పింగ్ (డేటా సర్వర్ దాకా పోయి తిరిగొచ్చే టైం, మిల్లీసెకన్లల) 80 ఉండేది 45కు దిగింది. పైసా ఖర్చు లేదు.

మిర్చిఘాటు:
నేను ఆన్‌లైన్‌లో ట్యూషన్లు చెప్తాను. మా పల్నాడు ఎండల సంగతి, ఆ రెంటచింతల సంగతి చెప్పక్కర్లేదు కదా, మే నెలలో డాంగిల్ ముట్టుకుంటే చురుక్కుమనేది, మధ్యాహ్నం రెండు దాటితే దానంతటదే ఆరిపోయి మళ్ళీ వెలిగేది, అవతల పిల్లలు "మేడమ్ ఫ్రీజ్ అయిపోయారు" అని నవ్వుకునేవాళ్ళు. చివరికి పొడుగు యూఎస్‌బీ వైరు కొని నీడపట్టున ఉన్న కిటికీ గ్రిల్లుకి కట్టి, దాని వెనకాల మా అత్తగారి ఇనప మూకుడు నిలబెట్టా. రెండు గీతలు నాలుగయ్యాయి. నవ్వితే నవ్వండి.

ఆర్‌ఎఫ్_బాబాయ్:
12 ఏళ్ళు టవర్ల చుట్టూ కారేసుకుని డ్రైవ్ టెస్టులు చేసినవాణ్ణి, గీతలు అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ గీతలు కంపెనీకి ఒక రకం, మోడల్‌కి ఒక రకం. బ్రౌజర్‌లో డాంగిల్ పేజీ తెరిస్తే, చాలావాటిలో 192.168.8.1, అక్కడ ఆర్‌ఎస్‌ఆర్‌పీ (సిగ్నల్ బలం), ఎస్‌ఐఎన్‌ఆర్ (చుట్టూ ఉన్న గోలతో పోలిస్తే సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో) అని ఉంటాయి. మొదటిది మైనస్ 80 దగ్గరుంటే హాయి, మైనస్ 110 దాటితే దేవుడే దిక్కు. రెండోది 20 ఉంటే బంగారం, సున్నా కిందికి పోతే ఎన్ని గీతలున్నా దండగే.

ఇక మూకుడు. సిగ్నల్ తరంగానికి ఒక పొడవుంటుందమ్మా. 2300 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 13 సెంటీమీటర్లు, 850లో 35. మీ మూకుడు అడుగున్నర వెడల్పు ఉందనుకున్నా 850 తరంగానికి అది పెద్ద లెక్కలోది కాదు. 2300 అయితే కాస్త పనిచేస్తుంది, అదీ డాంగిల్ సరైన దూరంలో ఉండి మూకుడు నోరు టవర్ వైపు ఉంటే. మీకు లాభం వచ్చింది కిటికీ వల్ల, మూకుడు వల్ల కాదు.

మిర్చిఘాటు:
మూకుడు తీసి చూశాను, పెట్టి చూశాను, నాలుగు రోజులు. మీరు మా ఇంటికొచ్చి చూశారా? కారులో తిరిగితే అన్నీ తెలుస్తాయా?

సీమ_సుబ్బు:
అసలు మూకుడంటే కుండ మీద మూసే మట్టి మూత కదబ్బా? ఇనపదాన్ని మా అనంతపురంలో బాండ్లి అంటారు. మట్టిదాంతో సిగ్నల్ ఎట్లొస్తుందా అని పది నిమిషాలు ఆలోచించినా.

వరంగల్_పోరడు:
కడాయి అంటే అయిపాయె.

మిర్చిఘాటు:
మా వైపు గారెలు వండేదాన్ని మూకుడే అంటారండీ. మీరు బాండ్లి అనుకోండి, కడాయి అనుకోండి, సిగ్నల్‌కి తెలీదు.

స్పీడ్‌రాజా:
అసలు 18 అనేదే మోసం బాసూ, డౌన్‌లోడ్ పెడితే 2 కూడా దాటదు, అందరూ దొంగలే.

ఆర్‌ఎఫ్_బాబాయ్:
ఎంబీపీఎస్‌లో ఉన్నవి బిట్లు, డౌన్‌లోడ్‌లో చూపించేవి బైట్లు. ఒక బైట్‌కి 8 బిట్లు, 18ని 8తో భాగించు. ఐదో క్లాసు లెక్క.

స్పీడ్‌రాజా:
తెలివి ఎక్కువైంది ఇక్కడ ఒకరికి. ప్రశ్న అడిగినాయనకి జవాబు చెప్పకుండా అందరికీ క్లాసులు పీకుతున్నావ్.

మోడరేటర్:
వ్యక్తిగతంగా వెళ్ళకండి. అలాగే సిమ్ కంపెనీల పేర్లు పెట్టి తిట్టిన రెండు పోస్టులు తీసేశాను.

డల్లాస్_మామయ్య:
కోనసీమ బాబూ, ఒక మాట. హైదరాబాద్ నుంచి వర్జీనియాకి గీత గీసినట్టు వెళ్ళినా 13 వేల కిలోమీటర్ల పైనే. ఫైబర్‌లో వెలుగు సెకనుకి రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే వెళ్ళి రావడానికే 130 మిల్లీసెకన్లు. సముద్రం కింది కేబుల్ ఏమైనా తాడు కట్టినట్టు తిన్నగా ఉంటుందా, చుట్టూ తిరిగి వచ్చేసరికి 220, 250 మామూలు. నువ్వు నాలుగు వేలు పెట్టినా నలభై వేలు పెట్టినా అందులో ఒక్క మిల్లీసెకను తగ్గదు. నీ చేతిలో ఉన్నదల్లా నీ ఇంటి నుంచి టవర్ దాకా ఉన్న ముక్క. నాకిక్కడ నుంచి వర్జీనియా 40 లోపే, అయినా మా అమ్మతో వీడియో కాల్‌లో ఇద్దరం ఒకేసారి "ఆఁ చెప్పు" అనుకుని ఇద్దరం ఆగిపోతాం, రోజూ ఇదే భాగోతం.

కోనసీమ_నైట్‌షిఫ్ట్:
మామయ్యగారూ థాంక్స్, కానీ నాకు 250 కాదండీ బాధ. 250 అయితే అలవాటు పడిపోతాను. పింగ్ పెట్టి వదిలేస్తే 290, 300, 310, మధ్యలో ఉన్నట్టుండి 1200, మళ్ళీ 300. డాంగిల్ పేజీ చూశా: బ్యాండ్ 5, ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 97, ఎస్‌ఐఎన్‌ఆర్ 4. అప్‌లోడ్ 2 ఎంబీపీఎస్.

ఆర్‌ఎఫ్_బాబాయ్:
ఇది ముందే చెప్పుంటే ఇంత గొడవ లేదు. బ్యాండ్ 5 అంటే 850, దూరం పోతుంది, గోడలు దాటుతుంది, అందుకే డాంగిల్ దాన్నే అంటిపెట్టుకుంటుంది, కానీ రోడ్డు సన్నం. 2300 బ్యాండ్ వెడల్పు, స్పీడ్ బాగా చూపిస్తుంది, అయితే అది టీడీడీ, రావడం పోవడం ఒకే దారిలో వంతులేసుకుని జరుగుతాయి కాబట్టి పింగ్‌కి రెండింటికీ వేరే దారులున్న 1800యే (బ్యాండ్ 3) నయం. స్పీడ్‌కి ఒక బ్యాండ్, పింగ్‌కి ఒక బ్యాండ్, ఇది ఎవడూ చెప్పడు.

ఇక ఆ 1200. వెనకాల ఏదో అప్‌లోడ్ అవుతోంది, చూసుకో. తిరుమల క్యూ కాంప్లెక్స్ గుర్తుందా? గంటకి ఎంతమందికి దర్శనం అవుతోందన్నది స్పీడ్. నిన్ను కంపార్ట్‌మెంట్‌లో ఎంతసేపు కూర్చోబెట్టారన్నది లేటెన్సీ. ఫోటోలన్నీ ముందు క్యూలో కూర్చుంటే నీ ఒక్క అక్షరం వాటి వెనకే రావాలి, దానికి వీఐపీ బ్రేక్ ఉండదు.

సాఫ్ట్‌వేర్_సన్యాసి:
విండోస్‌లో ఆ కనెక్షన్‌ని మీటర్డ్ (డేటా పొదుపుగా వాడాల్సింది) అని పెట్టుకోండి, అప్‌డేట్ల గోల చాలావరకు ఆగుతుంది. ఇంకోటి, కాసేపు ఏమీ టైప్ చేయకుండా ఆలోచిస్తూ కూర్చుంటే డాంగిల్ కునుకు తీస్తుంది, మళ్ళీ లేచి టవర్‌తో మాట కలిపేదాకా మొదటి అక్షరం ఆగుతుంది. పాత 3జీలో దీనికే రెండేసి సెకన్లు పోయేవి, 4జీలో బాగా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. నేను పక్కన ఒక నల్ల విండోలో పింగ్ నడుస్తూనే ఉంచుతా. మా ఆవిడ అది చూసి హ్యాకింగ్ అనుకుంటుంది.

వరంగల్_పోరడు:
నేను చెప్పిన టెథరింగ్ ఎవ్వరు చూస్తలేరు.

సీమ_సుబ్బు:
చూసినాం సామీ. రాత్రంతా ఛార్జింగ్‌లో పెట్టి డేటా లాగితే నా ఫోన్ బ్యాటరీ పూరీలా పొంగింది. వెనక మూత లేచిపోయింది. నేను మాత్రం డాంగిలే.

మిర్చిఘాటు:
మూకుడులో వేశారా ఏంటి?

కోనసీమ_నైట్‌షిఫ్ట్:
అప్‌డేట్. వెనకాల తిరుగుతున్నది క్లౌడ్ సింక్. అన్నయ్య పెళ్ళి ఫోటోలు 40 జీబీ, నెల నుంచీ పాకుతున్నాయట, నాకు తెలియనే తెలియదు. దాన్ని ఆపేశాక 1200లు మాయం. తర్వాత డాంగిల్‌ని డాబా మీద పిట్టగోడకి కట్టాను, మొదట 10 మీటర్ల చవక వైరు వేస్తే పది నిమిషాలకోసారి కనెక్షన్ తెగిపోయేది, 5 మీటర్ల మందం వైరు వేశాక నిలబడింది. వానకి తడవకుండా ఐస్‌క్రీం డబ్బా బోర్లించా. ఇప్పుడు బ్యాండ్ 3, మైనస్ 86, ఎస్‌ఐఎన్‌ఆర్ 15. వర్జీనియా 255. "సెలెక్ట్" అని కొడితే కాస్త వెనకగానైనా వరసగా పడుతోంది. స్పీడ్ మాత్రం దాదాపు అదే, 20.

ఆర్‌ఎఫ్_బాబాయ్:
యూఎస్‌బీ 2.0 వైరుకి 5 మీటర్లే హద్దు, దాటితే కరెంటు చాలక డాంగిల్ పడిపోతుంది. మంచి పని చేశావ్. మూకుడు పెట్టలేదుగా?

కోనసీమ_నైట్‌షిఫ్ట్:
పెట్టాను బాబాయ్, అక్క బాధపడుతుందని. మైనస్ 86 కాస్తా మైనస్ 84 అయింది. నిన్న షిఫ్ట్ మధ్యలో అమ్మ బూరెలకని వచ్చి పట్టుకెళ్ళిపోయింది, నాకు పొద్దున డాబా ఎక్కేదాకా తెలియలేదు.

మిర్చిఘాటు:
రెండు తగ్గిందా లేదా! బాబాయ్ ఎక్కడ?

ఆర్‌ఎఫ్_బాబాయ్:
1800 కాబట్టి తగ్గింది. 850లో పెట్టి చూపించు, అప్పుడు మాట్లాడదాం.

కొత్త_సభ్యుడు_77:
థ్రెడ్ అంతా చదవలేదు సారీ. మా ఇంట్లో 2011 నాటి 3జీ డాంగిల్ ఒకటుంది, 7.2 అని రాసుంది. దాంట్లో 5జీ సిమ్ వేస్తే స్పీడ్ ఎంతొస్తుంది?